సరుకు రవాణా మనమే చూసుకోవాలా, బయటివారికి అప్పగించాలా?

వ్యాపార సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి. సరుకును గోదాములో ఉంచడం, ప్యాక్ చేయడం, దుకాణానికో కొనుగోలుదారుడి ఇంటికో చేర్చడం సొంత మనుషులతో, సొంత బండ్లతో చేయాలా, లేక అదే వృత్తిగా ఉన్న సంస్థలకు ఇచ్చేయాలా అన్నదే ఆ సంగతి. మొదటి ఉత్తరంలో అంకెలు ఇచ్చారు కాబట్టి దానికి కొంచెం విస్తారంగా సమాధానం రాస్తున్నాను.

ప్రశ్న: గుంటూరులో మాకు పచ్చళ్ళు, పొడుల తయారీ ఉంది. రెండు టాటా ఏస్ బండ్లు గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాల్లోని దుకాణాలకు లైను తిరుగుతాయి. ఒక 14 అడుగుల ఐషర్ వ్యాను నెలకు ఎనిమిదిసార్లు 250 పెట్టెల దాకా సరుకుతో హైదరాబాద్ వెళ్ళి, అక్కడ ముప్పై దుకాణాలకు దించి, ఖాళీగా తిరిగి వస్తుంది. డీజిలు, టోలు, బత్తా కలిపి ట్రిప్పుకు రూ. 9,500 అవుతోంది. పార్సిల్ సర్వీసు వారు పెట్టెకు రూ. 55 అడుగుతున్నారు, అంటే 250 పెట్టెలకు రూ. 13,750. ట్రిప్పుకు నాలుగు వేలు ఎక్కువ ఎందుకు ఇవ్వాలన్నది నా వాదన. మా అబ్బాయి మాత్రం బండ్లన్నీ అమ్మేసి మొత్తం రవాణాను ఒక లాజిస్టిక్స్ కంపెనీకి అప్పగిద్దామంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు వ్యాను ఖర్చులో రోడ్డు మీద అయ్యేది మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. మీ అబ్బాయి బండ్లు చేసే పనుల్లో సరుకు మోయడం ఒక్కటే లెక్కలోకి తీసుకున్నారు. రెండు లెక్కలూ సగమే కాబట్టి, ముందు వ్యాను లెక్క పూర్తిచేసి, తర్వాత ఏస్‌ల సంగతి చూద్దాం.

వ్యాను కదిలినా కదలకపోయినా అయ్యే ఖర్చులు మీ ఉత్తరంలో లేవు కనుక కొన్ని అంకెలు నేనే ఊహించి వేస్తున్నాను. వాటి స్థానంలో మీ పద్దు పుస్తకంలో ఉన్నవి వేసుకోండి. డ్రైవరుకు రూ. 20,000, క్లీనరుకు రూ. 13,000 జీతం అనుకుందాం. బీమా నెలకు రూ. 5,000, ఫిట్‌నెస్, పర్మిట్, పన్నులకు రూ. 1,500, మరమ్మతులకు రూ. 4,000 పడతాయి. రూ. 16 లక్షలకు కొన్న బండి ఎనిమిదేళ్ళ తర్వాత రూ. 5 లక్షలకు పోతుందనుకుంటే నెలకు దాదాపు రూ. 11,500 దాని విలువలో తరుగుతుంది. బండి మీద ఇరుక్కున్న సొమ్ముకు, అది బ్యాంకు అప్పయినా మీ సొంత డబ్బయినా, సగటున పదిన్నర లక్షల మీద 11 శాతం చొప్పున నెలకు రూ. 9,600 వడ్డీ వేయాలి. మొత్తం రూ. 64,600, ఎనిమిది ట్రిప్పులకు పంచితే ట్రిప్పుకు రూ. 8,075. దానికి మీరు చెప్పిన రూ. 9,500, టైర్ల అరుగుదల రూ. 560 కలిపితే ఒక ట్రిప్పుకు అసలు ఖర్చు రూ. 18,135 అవుతుంది. పూర్తి లోడుతో వెళ్ళినప్పుడు కూడా పెట్టెకు రూ. 72 పైచిలుకు పడుతుందన్నమాట.

అలాగని పార్సిల్ సర్వీసువారి రూ. 55ను దీని పక్కన పెట్టి చూడకూడదు. ఆ ధర సాధారణంగా వారి గుంటూరు ఆఫీసు నుంచి హైదరాబాద్ ఆఫీసు దాకానే వర్తిస్తుంది. అక్కడి నుంచి ముప్పై దుకాణాలకు చేర్చడానికి రెండు ట్రాలీ ఆటోలు రోజంతా మాట్లాడుకోవాలి. రెండింటికీ కలిపి రూ. 5,000 అనుకుంటే పెట్టెకు మరో రూ. 20. రశీదు చార్జీ, రెండుచోట్ల హమాలీ కలిపి ఇంకో రూ. 3 వేసినా మొత్తం రూ. 78 అవుతుంది. మీరు డోర్ డెలివరీ ధర అడిగి ఉంటే సరే, లేకపోతే ఆ మాట ఇప్పుడైనా స్పష్టంగా అడిగి కాగితం మీద రాయించుకోండి. రవాణా కిరాయి మీద జీఎస్టీ కూడా ఉంటుంది. ఆ సంస్థ ఎంచుకున్న పద్ధతిని బట్టి ప్రస్తుతం 5 శాతాన్ని రివర్స్ చార్జి కింద మీరే చెల్లించాల్సి రావచ్చు, లేదా వారే 18 శాతం బిల్లులో వేయవచ్చు. మీ సరుకు పన్ను పడేదే కనుక రెండు విధాల్లోనూ ఇన్‌పుట్ క్రెడిట్ దొరుకుతుంది, అంటే కట్టిన ఆ పన్నును మీ అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. కొన్నాళ్ళు డబ్బు ఇరుక్కుంటుందే తప్ప అది ఖర్చు కిందికి రాదు.

ఇప్పుడు రూ. 72కూ రూ. 78కీ మధ్య పోలిక కుదిరింది, మీ వాదనే గెలిచినట్టు కూడా కనిపిస్తుంది. అయితే మీరు "250 పెట్టెల దాకా" అని రాశారు. నా అనుమానమంతా ఆ "దాకా" మీదే. కొత్తావకాయ వచ్చే నెలల్లో వ్యాను నిండుతుంది, నిజమే. మిగతా నెలల్లో 150 పెట్టెలతో బయలుదేరిన రోజులు ఎన్ని ఉన్నాయో రిజిస్టరు తీసి చూడండి. అప్పుడు సొంత వ్యాను మీద పెట్టెకు దాదాపు రూ. 121 పడుతుంది, పార్సిల్ మీద మాత్రం అదే రూ. 78 ఉంటుంది. బండి సగం నిండినా దాని ఖర్చు సగం కాదు. బయటివారికి ఇచ్చినప్పుడు మాత్రం పంపిన పెట్టెలకే డబ్బు కడతారు, ఆటోల ఖర్చు కొంచెం అటూ ఇటూ అయినా. పై అంకెల ప్రకారం సగటున 232 పెట్టెలకు పైన ఉంటే సొంత వ్యాను, అంతకు తక్కువైతే పార్సిల్ మేలు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. వ్యాను అమ్మినంత మాత్రాన పై ఖర్చులన్నీ మాయం కావు. ఏళ్ళ తరబడి మీ దగ్గరున్న డ్రైవరునూ క్లీనరునూ పంపించలేక వేరే పనికి కేటాయించి, అక్కడ వారి అవసరం నిజంగా లేకపోతే ఆ రూ. 33,000 జీతం అలాగే కొనసాగుతుంది. అప్పుడు బండి అమ్మినందువల్ల ట్రిప్పుకు మిగిలేది రూ. 14,010 మాత్రమే, సగటు లోడు 180 పెట్టెలకు పడిపోతే తప్ప అమ్మకం లాభించదు. అందుకని మీరు చూడవలసిన అంకె గడచిన పన్నెండు నెలల సగటు లోడు. అది 230 దాటితే వ్యాను ఉంచుకోండి. 180కి లోపు ఉంటే సందేహం లేకుండా అమ్మేయండి. మధ్యలో ఉంటే, ఏస్ లైనులో డ్రైవరు ఎవరైనా మానేసి ఖాళీ ఏర్పడే దాకా ఆగి, ఐషర్ డ్రైవరును అక్కడికి మార్చి, అప్పుడు అమ్మండి. ఆవకాయ కాలంలో మాత్రం పార్సిల్ ఆఫీసును నమ్ముకోకుండా, నిండు లోడుకు ట్రిప్పు కిరాయి మీద బండి మాట్లాడుకోండి. హైదరాబాద్ నుంచి సరుకు తెచ్చి గుంటూరులో దించి, రిటర్న్ లోడు కోసం చూసే బండ్లు దొరికితే అవి మీ సొంత వ్యాను కన్నా తక్కువకే వస్తాయి, ఎందుకంటే ఖాళీ ప్రయాణం ఖర్చు మీ నెత్తిన పడదు.

ఇక ఏస్ బండ్ల విషయంలో మీ అబ్బాయితో ఏకీభవించలేను. లైను మీద తిరిగే బండి సరుకు ఒక్కటే మోయదు. డ్రైవరు దుకాణం ముందు బండి ఆపి, కొత్త సరుకు దించే ముందు పాత బాకీలో కొంతైనా వసూలు చేస్తాడు. అలమరలో ఏ పచ్చడి నిలిచిపోయిందో, పక్కన ఎవరి సీసాలు కొత్తగా చేరాయో చూస్తాడు. మూత దగ్గర నూనె కారిన సీసాలనూ గడువు దగ్గరపడిన వాటినీ వెనక్కి తెస్తాడు. వచ్చేవారానికి ఏం కావాలో చీటీ మీద రాసుకుంటాడు. లాజిస్టిక్స్ సంస్థ ఇచ్చే ధరలో ఇవేవీ ఉండవు. దించిన సరుకుకు సంతకం తీసుకోవడంతో వారి పని అయిపోతుంది. ఆ తర్వాత బాకీ వసూలుకు మోటారు సైకిలు మీద ఒక మనిషిని విడిగా పంపవలసి వస్తుంది. వాపసు సీసాల కోసం ఎవరూ రారు కనుక దుకాణదారు వాటి విలువను బిల్లులోంచి తానే కోసుకుంటాడు. అప్పు మీద నడిచే మన కిరాణా వ్యాపారంలో లైను బండి అంటే కదిలే అమ్మకాల కార్యాలయం, దాన్ని రవాణా ఖర్చు కింద రాయడమే పద్దులో జరిగిన పొరపాటు. దాని జీతం, డీజిలులో కనీసం సగం అమ్మకాల ఖర్చు కింద రాసి చూడండి, ఆ బండి ఎంత చవకో మీ అబ్బాయికీ అర్థమవుతుంది.

హైదరాబాద్‌లో కూడా ఇదే చిక్కు కొంత ఉంటుంది. ఇప్పుడు ఆ ముప్పై దుకాణాల్లో వసూలు చేస్తున్నది వ్యాను డ్రైవరే అయితే, పార్సిల్‌కు మారే ముందు అక్కడ కమీషను మీద పనిచేసే ఒక మనిషినో, ఒక పంపిణీదారునో కుదుర్చుకోవాలి. ఆ ఖర్చు కూడా రూ. 78కి కలపండి.

పచ్చడి విషయంలో మాత్రమే వచ్చే ఒక హెచ్చరిక: మీ వ్యానులో పెట్టెలు మీరు పేర్చినట్టే హైదరాబాద్ చేరతాయి. పార్సిల్ లారీలో మధ్యలో కనీసం రెండుసార్లు దింపి ఎక్కిస్తారు, మీ పెట్టె మీద పైపుల కట్టో మోటారో పడుతుంది. మూత కింద ఫాయిల్ సీలు లేని సీసా పక్కకు పడితే నూనె ఊరి, పెట్టెలోని పన్నెండు సీసాల లేబుళ్ళూ మరకలవుతాయి. లోపలి పచ్చడి బాగున్నా దుకాణదారు తీసుకోడు. మూడు పొరల అట్టపెట్టె స్థానంలో ఐదు పొరలది, మధ్యలో అట్ట అరలు, ప్రతి సీసాకూ సీలు ఉండాలి. ఆ అదనపు ఖర్చు పెట్టెకు ఎంతో ముందే కట్టి చూసుకోండి. మొదట ఇరవై పెట్టెలు పంపి, అవి ఏ స్థితిలో చేరాయో ఫొటోలు తెప్పించుకున్నాకే మాట ఇవ్వండి.

మారాలని నిర్ణయించుకుంటే ఒక్క రోజులో మారకండి. 2018 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో వేయించిన కోడిమాంసం అమ్మే కేఎఫ్‌సీ తన సరఫరాను పాత సంస్థ నుంచి తీసి డీహెచ్ఎల్ అనే రవాణా సంస్థకు ఇచ్చింది. రగ్బీ పట్టణం దగ్గరున్న ఒకే గోదాము మీద అంతా ఆధారపడింది. కొద్ది రోజుల్లోనే దాదాపు 900 దుకాణాల్లో సగానికి పైగా కోడిమాంసం లేక మూతపడ్డాయి. చివరికి కొన్ని వందల దుకాణాల సరఫరాను పాత సంస్థకే తిరిగి ఇచ్చారు. అంత పెద్ద సంస్థ దగ్గరా జరిగినది ముప్పై దుకాణాల వ్యవహారంలో జరగదనుకోవడానికి కారణం లేదు. ముందు పది దుకాణాలతో రెండు నెలలు నడిపి, తర్వాత మిగతావి కలపండి. వ్యానును ఆ రెండు నెలలూ అమ్మకుండా ఉంచండి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉంటూ పోచంపల్లి, నారాయణపేట చీరలు ఇన్‌స్టాగ్రామ్‌లోనూ సొంత వెబ్‌సైట్‌లోనూ అమ్ముతున్నాను. రోజుకు పన్నెండు నుంచి పదిహేను పార్సిళ్ళు వెళతాయి. నేనూ మా అత్తగారూ ప్యాక్ చేస్తాం. సరుకంతా తమ గోదాములో ఉంచుకుని, ఆర్డరు రాగానే తామే ప్యాక్ చేసి పంపుతామని ఒక సంస్థ ముందుకొచ్చింది. మా పని తగ్గుతుంది కానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఏమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి అంటాను. దానికి కారణం మీరు అమ్మే వస్తువు స్వభావం. ఒకే రకం షాంపూ సీసాలు వెయ్యి ఉన్నవారికి ఆ సంస్థ గోదాము బాగా పనికొస్తుంది; అరలో ఏ సీసా తీసినా ఒకటే. చేనేత చీరల్లో ఏ రెండూ ఒకటి కావు. ఫొటోలో చూపిన చీరే వెళ్ళాలి, అంచులో నూలు తెగిందా, మడతలో మరక ఉందా అన్నది విప్పి చూసి మళ్ళీ మడవాలి, ఫాల్ కుట్టించమని అడిగిన వారికి కుట్టించాలి. ఈ పని మీ ఇంట్లో నాలుగు కళ్ళు చేస్తున్నాయి. గోదాములో ప్యాకింగ్ చేసే మనిషికి ఒక పార్సిల్‌కు కేటాయించిన సమయం కొద్ది నిమిషాలే. ఆయన కోడ్ సరిపోయిందా లేదా చూస్తాడు. తప్పు చీర ఒకటి వెళ్ళి వెనక్కి వస్తే, ప్యాకింగ్‌లో మిగుల్చుకున్నదంతా పోతుంది.

ప్యాకింగ్ మీ దగ్గరే ఉంచుకున్నా, చేరవేయడం ఇప్పటికే బయటివారి చేతిలో ఉంది కదా. మిగుల్చుకోదగ్గ డబ్బు అక్కడే ఉంది. కొరియర్ సంస్థలు అసలు బరువు, పెట్టె పరిమాణాన్ని బట్టి కట్టిన బరువు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి, చాలా సంస్థలు 5000తో భాగిస్తాయి. కొన్ని ఇంకా చిన్న అంకెతో భాగిస్తాయి, అడిగి తెలుసుకోండి. 700 గ్రాముల చీరను 35, 28, 8 సెంటీమీటర్ల గట్టి పెట్టెలో పెడితే 7,840 వస్తుంది, అంటే 1.57 కిలోలు, అరకిలో చొప్పున పైకి సవరిస్తే రెండు కిలోల డబ్బు కట్టాలి. అదే చీరను 30, 25, 4 కొలతల పలచని అట్ట కవరులో పంపితే పరిమాణపు బరువు 600 గ్రాములే. అసలు బరువు ప్రకారం ఒక కిలో డబ్బుతో సరిపోతుంది. పెట్టె అందంగా ఉంటుందన్నది నిజమే. బహుమతిగా పంపే పట్టుచీరకు పెట్టె పెట్టండి, రోజువారీ నూలు చీరకు అక్కర్లేదు.

క్యాష్ ఆన్ డెలివరీ ఉంటే, తీసుకోకుండా వెనక్కి వచ్చే పార్సిళ్ళకు రానుపోను ఖర్చు మీదే, పైగా ఆ చీర పది పదిహేను రోజులు ఎవరికీ అమ్మడానికి లేకుండా దారిలోనే ఉంటుంది. వెయ్యికి పైబడిన చీరలకు ముందు కొంత సొమ్ము తీసుకోవడం ఆ నష్టాన్ని బాగా తగ్గిస్తుంది. పార్సిల్ కట్టేటప్పుడు చీరా చిరునామా ఉన్న లేబులూ రెండూ కనిపించేలా ఫోనులో చిన్న వీడియో తీసి ఉంచుకోండి. ఖాళీ పెట్టె వచ్చిందని ఎవరైనా అన్నప్పుడు కొరియర్ వారి దగ్గరైనా కొన్నవారి దగ్గరైనా అదే మీకు ఆధారం.

దసరా, పెళ్ళిళ్ళ రోజుల్లో పార్సిళ్ళు మూడింతలై ఇద్దరూ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోవలసి వస్తే, గోదాముకు సరుకు పంపే బదులు రోజుకు నాలుగు గంటలకు ఇద్దరు అమ్మాయిలను పనికి పెట్టుకోండి. ఎప్పుడూ ఉండే ఒకే రంగు నూలు చీరలు, జాకెట్టు గుడ్డలు మీ అమ్మకాల్లో సగానికి పెరిగినప్పుడు, ఆ సగాన్ని మాత్రం గోదాముకు ఇచ్చే సంగతి ఆలోచించవచ్చు.

ప్రశ్న: ఖమ్మంలో మాకు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. హైదరాబాద్ నుంచి ఒక ట్రాన్స్‌పోర్ట్ ద్వారా తెప్పించిన రూ. 1,40,000 సరుకు వానలో తడిసి పాడైంది. రశీదు మీద "ఓనర్స్ రిస్క్" (నష్టం వస్తే సరుకు యజమానిదే) అని అచ్చయి ఉంది కాబట్టి తమకు బాధ్యత లేదని వారంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ మాట అచ్చు వేసినంత మాత్రాన బాధ్యత పోదు. అందరి సరుకునూ కిరాయికి మోసే రవాణా సంస్థలకు 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం వర్తిస్తుంది. అది 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. నష్టం వారి నిర్లక్ష్యం వల్లే జరిగిందని మీరు రుజువు చేయవలసిన పని కూడా ఆ చట్టం ప్రకారం లేదు. అయితే మీరు ఆశించినంత సొమ్ము రాకపోవచ్చు. సరుకు పంపినవారు బుకింగ్ సమయంలో ఎక్కువ విలువకు హామీ కోరి, దానికి తగిన అదనపు కిరాయి కట్టకపోతే, సంస్థ బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే. కిరాయి రూ. 1,800 అయితే రూ. 18,000 దగ్గర ఆగిపోతుంది. మిగతా నష్టం సరుకు యజమానిదే.

అందుకని రెండు పనులు చేయండి. మొదటిది, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపల నష్టం వివరాలతో రాతపూర్వకంగా నోటీసు పంపండి. ఆ నోటీసు లేకుండా దావా వేయడానికి వీలుండదు. స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి. తడిసిన పెట్టెల ఫొటోలు, "సరుకు తడిసి చేరింది" అని డెలివరీ పుస్తకంలో రాసి ఉంటే దాని నకలు జతచేయండి. చాలామంది హడావుడిలో బాగుందని సంతకం పెట్టి, సరుకు లోపలికి చేర్చుకున్నాక పెట్టె విప్పుతారు, అప్పుడు వాదన బలహీనపడుతుంది. రెండోది ఇక ముందుకు సంబంధించినది. ఏడాది పొడవునా వచ్చే, పోయే సరుకంతటికీ కలిపి రవాణా బీమా ఒకటి తీసుకోండి. సొంత బండి ఉన్న వ్యాపారి సరుకుకు బీమా చేయకపోయినా తన డ్రైవరు టార్పాలిన్ కడతాడన్న నమ్మకంతో నడుపుకొస్తాడు. బయటివారికి ఇచ్చాక టార్పాలిన్ కట్టారో లేదో చూసే మనిషి మీకు ఉండడు కనుక, బీమా ప్రీమియాన్ని రవాణా కిరాయిలో భాగంగానే చూసి ధరలు పోల్చాలి. రవాణా సంస్థవారి బీమాలో తమ సరుకు కూడా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది సాధారణంగా వాహనానికీ వారి చట్టబద్ధ బాధ్యతకూ సంబంధించినది మాత్రమే.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మా బిస్కెట్లు, స్నాక్స్ ఫ్యాక్టరీ ఉంది. తెలంగాణలో అమ్మకాలు పెరుగుతున్నాయి. హైదరాబాద్ శివార్లలో ఒక లాజిస్టిక్స్ సంస్థ గోదాములో నెలకు ఇంత అని కట్టి సరుకు ఉంచుదామనుకుంటున్నాం. గోదాము వారిదే కాబట్టి మాకు వేరే అనుమతులేమీ అక్కర్లేదని వారు చెబుతున్నారు. సరేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కాదు. గోదాము ఎవరిదైనా అందులో ఉండే సరుకు మీది, దాన్ని తెలంగాణ నుంచి అమ్ముతున్నది మీరు. కాబట్టి తెలంగాణలో మీ పేరిట జీఎస్టీ రిజిస్ట్రేషను తీసుకుని, ఆ గోదాము చిరునామాను మీ వ్యాపార స్థలంగా చూపాలి. రాజమహేంద్రవరం నుంచి అక్కడికి పంపే సరుకు మీ సంస్థదే అయినా, రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్లు వేరువేరు కాబట్టి ఐజీఎస్టీతో (రాష్ట్రం దాటే సరుకు మీద పడే జీఎస్టీతో) బిల్లు వేయాలి. తెలంగాణలో అమ్మినప్పుడు ఆ క్రెడిట్ వాడుకోవచ్చు. గోదాముకు ఆహార పదార్థాల నిల్వ కోసం ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు ఉందో లేదో, ఉంటే గడువు ఎప్పటి దాకానో చూడండి. లేకపోతే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

జీఎస్టీ రాకముందు, అంటే 2017 జూలై 1కి ముందు, రాష్ట్రం దాటిన అమ్మకం మీద కేంద్ర అమ్మకపు పన్ను పడేది కనుక, అది తప్పించుకోవడానికే చాలామంది ప్రతి రాష్ట్రంలో ఒక గోదాము పెట్టుకునేవారు. 2014లో రాష్ట్రం విడిపోయాక మనవారికీ ఆ అవసరం వచ్చిపడింది. ఇప్పుడు పన్ను కోసం గోదాము అక్కర్లేదు. మీ కొనుగోలుదారులకు ఆర్డరు ఇచ్చిన మర్నాడే సరుకు చేరాలా, మూడు రోజులు ఆగగలరా అన్నదొక్కటే చూడండి. ఆగగలిగితే రాజమహేంద్రవరం నుంచే వారానికి రెండు నిండు లోడ్లు నేరుగా పంపిణీదారులకు పంపడం, రెండు రాష్ట్రాల్లో రిటర్నులు వేయించుకోవడం కన్నా తేలిక.

ఏ దారిన వెళ్ళినా ఒక లోడు విలువ రూ. 50,000 దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ పోర్టల్‌లో తీసుకునే పత్రం, ఉండాలి. దాని మొదటి భాగంలో సరుకు వివరాలు మీరు నింపుతారు, వాహనం నంబరు ఉండే రెండో భాగాన్ని రవాణా సంస్థ నింపుతుంది. మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఉంటుంది కాబట్టి, రాజమహేంద్రవరం నుంచి హైదరాబాద్‌కు ఉన్న నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లకు మూడు రోజులు దొరుకుతాయి. విజయవాడలో బండి మారితే కొత్త నంబరు ఎక్కించడం, ఆలస్యమైతే గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల లోపు పొడిగించడం వారి బాధ్యతేనని ఒప్పందంలో రాయించండి. ఆ బాధ్యత ఎవరిదో రాయని ఒప్పందాల్లో, దారిలో బండి ఆగి జరిమానా పడినప్పుడు ముందుగా ఫోను వచ్చేది ఫ్యాక్టరీ యజమానికే.